మరిదిగారి తుపాకీ దరఖాస్తు

ఢిల్లీ వెళ్ళొచ్చానంటే అందరూ ఒకటే అడుగుతున్నారు, ఏం చూశావని. ఎర్రకోట బయటి నుంచి చూశాను. కుతుబ్ మినార్ కారులోంచి చూశాను, అదీ పొగమంచులో సగమే కనపడింది. తుపాకులు మాత్రం పదకొండు చూశాను. కాకినాడ కలెక్టరాఫీసులో తుపాకీ లైసెన్సుల సెక్షన్‌లో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేసి రిటైరైనదాన్ని, అన్నేళ్ళలో ఒక్క తుపాకీ కూడా నా కంటబడలేదు. నేను చూసినవన్నీ కాగితాలే.

మా జిల్లాలో తుపాకీ అడిగేవాళ్ళు చాలా మర్యాదస్తులు. చెరుకు తోటలో అడవి పందులు పడుతున్నాయని అడుగుతారు. బ్యాంకు వాచ్‌మన్ ఉద్యోగం వస్తుందని మాజీ సిపాయిలు అడుగుతారు. తాతగారి తుపాకీని గోడ మీంచి దించడం ఇష్టంలేని పెద్దింటివారు మూడేళ్ళకోసారి వచ్చి రెన్యువల్ చేయించుకుని పోతారు. ఒకాయన మాత్రం కారణం రాయవలసిన చోట ‘మా తోడల్లుడికి ఉన్నది కనుక’ అని రాశాడు. నా సర్వీసు మొత్తంలో నిజం రాసిన మనిషి ఆయనొక్కడే. ఆయన దరఖాస్తు తిరస్కరించాం.

రెండు వేల ఏడు డిసెంబరులో మా ఆఖరి చెల్లెలు భాను ఢిల్లీ పక్కనున్న ఇందిరాపురం నుంచి ఫోన్ చేసి, “అక్కా, నువ్వు వెంటనే రావాలి, మీ మరిదిగారు తుపాకీ కొంటారట” అంది. ఆ మాట పూర్తవకుండానే మరిది ప్రసాద్ ఫోన్ లాక్కుని, “వదినగారూ, మీరు తప్పకుండా రావాలి, ఫారాలు నింపడం నాకు చేతకాదు” అన్నాడు. ఇద్దరూ ఇంత ప్రేమగా పిలిచినప్పుడు వెళ్ళకపోతే బావుండదని ఊరగాయ జాడీలు సర్దుకున్నాను.

ఇందిరాపురం గేటు

వాళ్ళుండేది పద్నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్లు ఎనిమిది కలిసిన కాలనీ. గేటు దగ్గర ముగ్గురు గార్డులు. ఇద్దరి చేతిలో లాఠీలు, మూడో ఆయన భుజాన రెండు గొట్టాల తుపాకీ. దాని పటకా తెగిపోతే కాబోలు, బట్టలారేసుకునే నైలాన్ తాడు కట్టాడు. అది నా మొదటి తుపాకీ.

రిజిస్టరులో పేరు, ఊరు, వచ్చిన పని రాయమన్నారు. వచ్చిన పని అన్నచోట ‘చెల్లెలు’ అని రాశాను. తుపాకీ గార్డు మీసాలు నెరిసినవాడు, ఎటావా వైపువాడు. వృత్తి జ్ఞానం ఊరుకోక లైసెన్సు ఎవరి పేరునుందని అడిగాను. తన పేరునే ఉందన్నాడు. తుపాకీ సొంతం కాబట్టి లాఠీవాళ్ళకంటే పదిహేను వందలు ఎక్కువిస్తారట.

“ఎప్పుడైనా పేల్చారా?” అని నాకొచ్చిన హిందీలో అడిగాను.

“గోలీ మెహంగీ హై, మాతాజీ” అన్నాడు. తూటా ఖరీదెక్కువ కాబట్టి ఉత్త తుపాకీతోనే కాపలా కాస్తున్నాడన్న మాట. నాకంటే పదేళ్ళు పెద్దవాడు నన్ను మాతాజీ అనడం మాత్రం నాకు నచ్చలేదు.

ఇంట్లో అడుగుపెట్టగానే భాను నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళింది. మెడ చూపించింది. ఎడమవైపు వేలెడు పొడుగు మచ్చ, ఇంకా ఎర్రగానే ఉంది. రెండు నెలల కిందట పట్టపగలు, కూరగాయల మార్కెట్ ముందు ఒకడు వెనక నుంచి వచ్చి మంగళసూత్రాల గొలుసు పట్టుకు లాగాడు. ఇంకొకడు మోటారుసైకిలు ఇంజను ఆపకుండా పక్కనే ఉన్నాడు. ప్రసాద్ నాలుగడుగుల దూరంలో ఆటోవాడికి డబ్బులిస్తున్నాడు. గొలుసు తెగింది, వాళ్ళు పోయారు. ఇప్పుడు చెల్లెలి మెడలో పసుపుతాడు.

“గొలుసు పోతే పోయింది. అప్పట్నుంచీ ఈయన నాతో సరిగా మాట్లాడ్డం లేదక్కా. ఆఫీసు, తుపాకీ, అంతే. నువ్వే చూసి ఈ ఫైలు ఆపెయ్యాలి. ఆ తుపాకీ ఈ గుమ్మంలోకొచ్చిన రోజు నేను పిల్లని తీసుకుని కాకినాడ వచ్చేస్తాను. ఊరికే అంటున్నాననుకోకు.”

మా భాను ఊరికే అనే మనిషి కాదు. చిన్నప్పుడు లెక్కల మాస్టారు కొట్టాడని ఇంక బడికి వెళ్ళనంది, బడి మార్చేదాకా వెళ్ళలేదు. నాకు భయమేసింది.

సాయంత్రం ప్రసాద్ వచ్చాడు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు, నలభై ఆరేళ్ళవాడు. బొద్దింకను కూడా చీపురుతో బయటికి సాగనంపే మనిషి. “మీరొచ్చారు, ఇంక నాకు దిగుల్లేదు వదినగారూ. మీ చెయ్యి పడ్డ ఫైలు వెనక్కి రాదు” అన్నాడు. ఎంత గౌరవమో. చెల్లెలు చంపమన్న ఫైలును మరిది బతికించమంటున్నాడు. నాకు ఇద్దరూ కాఫీ ఇచ్చారు, రెండూ తాగాను.

చాందినీ చౌక్ దారిలో

రెండో రోజు తుపాకీ దుకాణం చూపిస్తానని ప్రసాద్ పాతఢిల్లీ తీసుకెళ్ళాడు. మెట్రో ఎక్కేటప్పుడు నా సంచీ యంత్రంలోంచి వెళ్ళి ఆగిపోయింది. ఆడ పోలీసమ్మ సంచీ తెరిచి నా అడకత్తెర బయటికి తీసింది. ఇదేమిటంది. వక్కలు కత్తిరించుకునేదని చెప్పాను. చేసి చూపించమంది. చూపించాను. కటకటమని వక్క తెగేసరికి ఆమెకి అనుమానం ఇంకా పెరిగింది.

“హథియార్ హై” అంది. ఆయుధమట. మా అత్తగారి అత్తగారి కాలం నాటి అడకత్తెర దేశ రాజధానిలో ఆయుధమైంది. దాన్ని ఒక డబ్బాలో పడేసి, ముందుకు వెళ్ళమంది. దానికి లైసెన్సు ఏ సెక్షన్‌లో ఇస్తారని అడిగాను. ప్రసాద్ నా మోచెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు.

తుపాకీ దుకాణం నగల కొట్టులా ఉంది. అద్దాల పెట్టె, కింద ఎర్ర మఖమలు, పైన చిన్న లైట్లు. దుకాణదారు మా ఇద్దరికీ ఏలకుల టీ తెప్పించాడు. సర్కారు కార్ఖానాలో చేసిన రివాల్వరు అరవై వేల పైమాట. విదేశీది కావాలంటే ఎవరో వాడినదే దొరుకుతుంది, అది లక్షల్లో ఉంటుందన్నాడు. ఎవరి కోసమని అడిగాడు.

“ఇంటి కోసం” అన్నాడు ప్రసాద్, సోఫా కొంటున్నట్టు.

దుకాణదారు తలూపి, చాలా మంది ఇంటి కోసమే తీసుకుంటారన్నాడు. తీసుకుని బ్యాంకు లాకర్లో పెట్టుకుంటారట. ఇంట్లో ఉంటే దొంగలకి తెలిసి దానికోసమే వస్తారని భయం. మరి ఇంటికి కాపలా ఏమిటని అడిగితే, “భగవాన్ హై, బెహన్‌జీ” అన్నాడు.

ఆ పెట్టెలో ఉన్న ఆరు రివాల్వర్లూ చేతిలోకి తీసుకుని చూశాను. ఇంత బరువని నాకు తెలీదు. ‘అనుమతించవచ్చును’ అని రాసి సంతకం పెట్టినప్పుడల్లా నేను పెన్నే మోశాను. మనసులో కొంచెం సిగ్గనిపించింది.

సరోజినీ నగర్

మూడో రోజు స్వెట్టర్లు కొనడానికి భానూ నేనూ సరోజినీ నగర్ వెళ్ళాం. వంద రూపాయల స్వెట్టరును నలభైకి అడగాలి, వాడు తిడతాడు, మనం వెళ్ళిపోవాలి, వాడు పిలుస్తాడు. మా కాకినాడ మెయిన్ రోడ్డులో ఇలా అడిగితే షాపువాడు మన పేరూ ఇంటిపేరూ గుర్తుపెట్టుకుంటాడు.

అక్కడి సర్కారు క్వార్టర్స్‌లో భాను స్నేహితురాలింట్లో మాకు భోజనం. వంటకి సాయంగా వచ్చినవాడు అప్పన్న, శ్రీకాకుళం వైపువాడు. ఇరవై రెండేళ్ళుగా చాణక్యపురిలో విదేశీ దౌత్యవేత్తల ఇళ్ళలో వంట చేస్తున్నాడు. ఏ దేశంవాళ్ళు తలుపు ఎలా వేసుకుంటారో అతనికి తెలిసినంత ఎవరికీ తెలీదు. నేను తుపాకుల ఆఫీసులో పనిచేశానని వినగానే గరిట పట్టుకునే కూర్చున్నాడు.

“అమెరికా దొరగారమ్మా, ఆళ్ళూళ్ళో తలుపుకి తాళం ఎయ్యరంట. తలగడ కింద పిస్తోలంట. ఇక్కడికొచ్చాక పిస్తోలు నేదు గదా, ఆయనకి నిద్దరట్టేది కాదు. ఎలక కదిలినా లైటేసీవోడు.”

“మరి మిగతావాళ్ళు?”

“స్విస్సోళ్ళకి సర్కారే తుపాకీ ఇస్తాదంట, మిలట్రీలో సేసినోళ్ళకి. ఆళ్ళ కింద గదిలో బంగాళాదుంపల పక్కన అదో మూల పడుంటాదని అమ్మగారే సెప్పారు. దుంపలు మొలకలొచ్చాయని బెంగెట్టుకునీవోరు గానీ తుపాకీ ఊసే నేదు. జపానోళ్ళకి ఏటీ నేదమ్మా. గుమ్మంలో గొడుగులుంటాయి, ఎవుడూ అట్టుకుపోడంట. ఇంగ్లీసు దొర ఇక్కడ బజార్లో పోలీసు సేతిలో తుపాకీ సూసి, ఏదైనా యుద్దం జరుగుతోందా అప్పన్నా అనడిగాడు.”

“నీ గదికి తాళముందా?” అన్నాను.

“గొళ్ళెమే సరిగ్గా పడదమ్మా. తలుపు కాస్త ఎత్తి తొయ్యాల. దొంగోడికి ఆ కిటుకు తెలవాల గదా” అని నవ్వి, పులుసు పొంగుతోందని లేచిపోయాడు.

భాను కూడా నవ్వింది, చాలా రోజులకట. స్నేహితురాలు చెప్పింది.

పెళ్ళి ఊరేగింపు

నాలుగో రోజు సాయంత్రం పక్క అపార్ట్‌మెంట్ భాటియాగారి అన్న కూతురి పెళ్ళి. భాటియాగారు కాలనీ సంఘం అధ్యక్షుడు, రెండు తుపాకుల యజమాని. ప్రసాద్‌కి ఈ ఆలోచన ఎక్కించింది ఆయనే. కల్యాణమండపం వాకిట్లో ‘ఆయుధములు లోపలికి తేరాదు’ అని బోర్డు. బోర్డు పక్కనే ఒక బల్ల, బల్ల వెనక ఒక మనిషి. గుళ్ళో చెప్పులకిచ్చినట్టు తుపాకులకి టోకెన్లిస్తున్నాడు. బల్ల మీద మూడు పిస్తోళ్ళు వరసగా ఉన్నాయి. పెళ్ళికి పిస్తోలెందుకయ్యా అంటే, మా కీర్తి నా కొంగు లాగి, “పెద్దమ్మా, ఇట్స్ నార్మల్. భాటియా అంకుల్ కే పాస్ దో హై” అంది. పదకొండేళ్ళ పిల్ల, మాటలన్నీ అర్థమవుతాయి, జవాబు మాత్రం ఆ రెండు భాషల్లోనే.

పెళ్ళికొడుకు గుర్రమెక్కి వచ్చాడు. బ్యాండు మోగుతోంది, ముందు మగాళ్ళంతా చేతులెత్తి ఆడుతున్నారు. వాళ్ళ మధ్య గులాబి తలపాగా చుట్టుకున్న ఒక పెద్దమనిషి, పెళ్ళికొడుకు మేనమామట, ఒక చేత్తో గ్లాసు, ఇంకో చేత్తో పొడుగు తుపాకీ. టోకెన్ల బల్ల మండపం లోపలికే కానీ వీధికి వర్తించదు కదా. ఆయన ఆకాశంలోకి గురిపెట్టాననుకుని పేల్చాడు. లైటింగ్ పందిరికి తగిలింది. గాజు పెంకులు వాన చినుకుల్లా రాలాయి.

నేను చెవులు మూసుకుని కింద కూర్చుండిపోయాను. ముప్పై ఒక్కేళ్ళ సర్వీసు చేశాక నేను విన్న మొదటి తుపాకీ చప్పుడది. కీర్తి జుట్టులో రెండు గాజు ముక్కలు. భాను వాటిని ఒక్కొక్కటిగా తీస్తోంది. ప్రసాద్ చప్పుడుకి ఒక్క ఉదుటున వెనక్కి గెంతాడు. తర్వాత ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూశాడు. నేను చూశాను. చూడనట్టు ఊరుకున్నాను.

“శకున్ హై, శకున్” అని భాటియాగారు మాకు లడ్డూలు పంచారు. మంచి శకునమట. మనం అక్షింతలు వేసి కూర్చుంటాం, ఇక్కడ పందిళ్ళు పేలుస్తారు. పోలీసులు వస్తారా అని అడిగితే ఎస్సైగారు లోపల భోంచేస్తున్నారన్నారు. మర్నాడు కాలనీ సంఘం నోటీసు పెట్టింది. బయటివారి వల్ల ప్రమాదాలు పెరుగుతున్నందున కుటుంబ పెద్దలందరూ ఆత్మరక్షణ గురించి ఆలోచించాలట. ఆ సాయంత్రానికి ఇద్దరు అంకుళ్ళు ఫారాలు నింపించుకోడానికి నా కోసం వచ్చారు.

నేను కనిపెట్టిన నిబంధన

ఇక నాకు రెండు రోజులే మిగిలాయి. ప్రసాద్ ఫారం తెచ్చి నా ముందు పెట్టాడు. ప్రాణహాని ఎవరి వల్ల అన్నచోట ఖాళీగా ఉంది.

“ఎవరి పేరైనా రాయాలా వదినగారూ?” అన్నాడు.

“శత్రువులెవరైనా ఉన్నారా?”

చాలాసేపు ఆలోచించాడు. “ఆఫీసులో టెస్టింగ్ టీమువాళ్ళు నా మీద కొంచెం కోపంగా ఉన్నారు” అన్నాడు.

ఫారమంతా నింపాను. పోలీసు ఫిర్యాదు నకలు, ఇంటి పత్రం, డాక్టరు సర్టిఫికెట్, ఇద్దరు ఇరుగుపొరుగువారి సాక్ష్యం, ఏదీ తక్కువ కాలేదు. ఎలా చూసినా ఆపడానికి సందు లేని ఫైలు. వంటింటి గుమ్మంలో భాను నిలబడి నన్నే చూస్తోంది. అప్పుడు నా నోటి వెంట ఆ మాట వచ్చింది.

“ఇంకొకటి కావాలి. భార్య సమ్మతి పత్రం. స్టాంపు కాగితం మీద.”

అలాంటి నిబంధన లేదు. మా జిల్లాలో లేదు, ఏ జిల్లాలో ఉన్నట్టూ నేను వినలేదు. సర్వీసులో ఏ మనిషినీ రూల్లో లేని కాగితం ఒక్కటి అడిగినదాన్ని కాదు, రూల్లో ఉన్నది ఒక్కటి వదిలిపెట్టినదాన్నీ కాదు. రిటైరయ్యాక, సొంత మరిది దగ్గర, మొహం నిబ్బరంగా పెట్టుకుని అబద్ధమాడాను. ప్రసాద్ ఒక్క ప్రశ్న వేయలేదు. “అలాగే వదినగారూ” అని స్టాంపు కాగితం కోసం వెళ్ళిపోయాడు. నాకు ఆయన మీద జాలేసింది. నా మీద నాకు కోపమొచ్చింది.

ఆఖరి రోజు పొద్దున

కీర్తి బడికి వెళ్ళాక టిఫిన్ బల్ల దగ్గర ప్రసాద్ ఆ కాగితం తీశాడు. నేనే రాసిచ్చిన ఆఫీసు ఇంగ్లీషు. నా భర్త తుపాకీ కలిగి ఉండుటకు నాకు ఎట్టి అభ్యంతరమూ లేదని సారాంశం. పెన్ను మూత తీసి భాను ముందు పెట్టాడు. భాను కాగితాన్ని రెండుసార్లు చదివింది. విసిరికొడుతుందనుకున్నాను.

“పెడతాను. ముందు నాకోటి చూపించండి” అని లేచింది. “అక్కా, నువ్విలా వచ్చి నా వెనక నిలబడు. నువ్వే దొంగవి. తాడు పట్టుకో.”

నాకు అర్థం కాలేదు. అయినా వెళ్ళి దాని వెనక నిలబడి, మెడ మీద పసుపుతాడు పట్టుకున్నాను. చెయ్యి ఆ మచ్చకి తగిలింది.

“ఆ కుర్చీ మోటారుసైకిలు. మీరు ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళండి, అక్కడే కదా ఆటో. మీ చేతిలో తుపాకీ ఉంది. ఊఁ, కాల్చండి.”

“ఏమిటి భానూ ఇది” అన్నాడు ప్రసాద్.

“కాల్చండి.”

ఆయన ఫ్రిజ్ దగ్గర నిలబడి చూపుడు వేలు చాపాడు. మొదట నవ్వాడు. తర్వాత నవ్వు పోయింది. వేలు కొంచెం ఎడమకి జరిపాడు. నేను భాను వెనకే ఉన్నాను. కుడికి జరిపాడు. ఒక అడుగు పక్కకి వేసి చూశాడు, వంగి చూశాడు. నిజంగానే దొంగ ఎక్కడ దొరుకుతాడా అని వెతుకుతున్నాడు. నేను లావుగా ఉన్నమాట నిజమే, అయినా ఎటు చూసినా ఆయన వేలికి ముందు మా చెల్లెలే.

“నువ్వు అడ్డొస్తున్నావు” అన్నాడు.

“ఆ రోజూ నేనే ఉన్నానండీ.”

ప్రసాద్ వేలు దించాడు. వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. పెన్నుకి మూత పెట్టేశాడు. నేను తాడు వదిలేశాను.

“భానూ, ఆ రోజు నేను వెనక్కి వెళ్ళిపోయాను. ఆటో వెనక్కి” అన్నాడు తల ఎత్తకుండా.

“తెలుసు. నా మొహం మీవైపే ఉంది కదా, చూశాను. మీరు ముందుకొస్తే వాడు ఇంకా గట్టిగా లాగేవాడు. మంచిపనే చేశారు.”

“చూశావా? మరి రెండు నెలలుగా ఒక్క మాటైనా చెప్పలేదేం?”

“మీరు నన్ను అడగలేదు” అంది భాను. “తుపాకీ అడిగారు.”